యా

ఇక్కడి భాషలో ‘యా’ అంటే మందు.
గొంతు కాస్త కిందికి దించి అంటే ‘వద్దు’.
పైనుంచి జారవిడిచినట్టు అంటే నాన్నమ్మ.
ఇరవై ఏళ్లుగా ఈ మూడింటి మధ్య
కాలు జారకుండా నడవడమే నా కూటి విద్య.

చియాంగ్ సేన్‌లో, మెకాంగ్ కనబడే మేడగదిలో
మూడు జెండాలు,
మూడు పళ్లేల్లో నువ్వుల బిస్కెట్లు,
మూత తీయని నీళ్ల సీసాలు.
అందరి ముందూ పేరుపలకలున్నాయి.
నా ముందు లేదు. గొంతుకి పేరెందుకు?

బర్మా వైపు సాయ్ లావ్ తూకాలు చెప్పాడు.
లావోస్ కెప్టెన్ సోమ్‌ఫోన్ పడవలు చెప్పాడు:
ఎగువకి పోయేవి పీపాలు, దిగువకి వచ్చేవి బిళ్లలు.
“మీరు తరిమితే మా ఒడ్డెక్కుతారు,
మేం తరిమితే మీ ఒడ్డు.
నది ఒక్కటే. వైర్‌లెస్‌లు మూడు.”
కలిపేద్దామన్నారు. గంటలో తెమిలింది.
అంకెలకి అనువాదం అక్కర్లేదు.

అప్పుడు లేచింది బడిపంతులమ్మ వన్‌పెన్.
ఆమె తెచ్చుకున్నది హాజరు పట్టీ ఒక్కటే,
మొక్కజొన్న కోతల నెల పొడవునా ఎర్ర సున్నాలు.
“పిల్లలు సరదాకి మొదలెట్టలేదు సార్.
బస్తాకింత అని కూలి.
నిద్ర రాకపోతే ఇంకో ఆరు బస్తాలు.
ఒకప్పుడు దీన్ని గుర్రపుమందు అనేవాళ్లు,
గుర్రాల్లా చాకిరీ చేసేవాళ్లు మింగేది కాబట్టి.
తర్వాత పిచ్చిమందు అని పేరు మార్చారు,
పేరు వింటే జడుస్తారని.
మా కొండల్లో పేరుకి ఎవరూ జడవలేదు.
అప్పుకి జడిశారు.”

నేనిది బర్మీస్‌లోకి దించేలోపు
ఒకాయన గడియారం చూసుకున్నాడు.

భోజనాలయ్యాక చిక్కొచ్చి పడింది.
ఆస్పత్రిలో పన్నెండు మంచాలున్నాయి, సరే.
వైద్యానికని అవతలి కుర్రాడు నది దాటితే
రేవులో పట్టుకోవాలా, పోనివ్వాలా?
సాయ్ లావ్ అన్నాడు:
“మా వాళ్లని మేం కనిపెట్టుకుని ఉంటాం.”

అక్కడ ఆగిపోయాను.
కనిపెట్టుకుని ఉండటమంటే
మంచం పక్కన తడిగుడ్డతోనా?
తలుపు దగ్గర తుపాకితోనా?
అనువాదకులు ప్రశ్న వేయకూడదు.
వేశాను.

ఎవరో సీసా మూత తిప్పిన చప్పుడు.
నదిలో ఇసుక తోడే యంత్రం దగ్గింది.
“మంచం పక్కన,” అన్నాడు చాలాసేపటికి.
“తలుపు దగ్గర కూడా ఒకడుంటాడు.
వాడి తుపాకి మెట్ల కింద పెట్టి రావాలి. రాసుకో.”
ఆ ఒక్క వాక్యానికి నలభై నిమిషాలు పట్టింది.
అదీ ఆరు నెలలకే, ఆ తర్వాత చూద్దామని.
బిస్కెట్లు చీమలకి మిగిలాయి.

తొమ్మిదో రోజు రేవులో నూడుల్స్ తింటున్నాను.
ఎగువ పడవలోంచి దిగాడు జాబో,
లాహూల అబ్బాయి, పంతొమ్మిదేళ్లు,
పళ్లు నూరుతూ, తన నీడతో తగువాడుతూ.
వెనకే మూటతో ముసలామె.
కానిస్టేబుల్ తడిసిన కాగితాన్ని
రెండుసార్లు చదివాడు.
మూట విప్పాడు:
చొక్కా ఒకటి, వక్కలు, ఉడకబెట్టిన గుడ్లు నాలుగు.
కుర్రాడు వెనక్కి, పడవ వైపు తిరిగాడు.
ముసలామె వాడి మణికట్టు పట్టుకుని
“యా,” అంది.

ఆమెది కొండల యాస. ఈ భాష స్వరాలు
ఆమె నోట్లో ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి.
మందన్నదో, వద్దన్నదో,
నాన్నమ్మనురా అన్నదో.
కానిస్టేబుల్ నా వైపు చూశాడు: ఏమంటోంది?

గిన్నె కింద పెట్టాను.
“దారి ఇమ్మంటోంది,” అన్నాను.

అతను మూట మళ్లీ కట్టబోయాడు.
ముడి సరిగా పడలేదు.
ఒక గుడ్డు దొర్లి మెట్లమీద పడితే
వంగి తీసి,
జేబురుమాలుతో తుడిచి,
ఎవరికివ్వాలో తెలియక
పట్టుకుని నిలబడ్డాడు.